అవసరానికి పటాలం, అవసరం తీరాక వీధి: మహర్ రెజిమెంట్ చరిత్ర మనకేం చెబుతోంది?

ప్రతి జనవరి 1న మన ఫోన్లలోకి ఒక పోస్టు వస్తుంది. భీమా కోరెగావ్‌లో 500 మంది మహర్లు 28 వేల మంది పీష్వా సైన్యాన్ని ఓడించారన్నది దాని సారాంశం. మా ఇబ్రహీంపట్నం వైపు విద్యార్థి మిత్రులు దాన్ని పంచుకుంటారు, జై భీమ్ అంటారు. ఆ తర్వాత తరచూ ఒక ప్రశ్న వేస్తారు: "అన్నా, మహర్లకు రెజిమెంట్ ఉంది కదా, మన మాలలకు, మాదిగలకు ఎందుకు లేదు?"

ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు మహర్ రెజిమెంట్ ఎలా పుట్టిందో, అంతకుముందు ఎన్నిసార్లు ఆ తలుపు తెరుచుకుని మూసుకుపోయిందో చూడాలి. ఇది పొరుగు రాష్ట్రం కథ అని పక్కన పెట్టడానికి లేదు. తెలంగాణ ఎస్సీ కులాల జాబితాలో మాల, మాదిగలతో పాటు మహర్ పేరు కూడా ఉంది. పైగా మహర్ సిపాయిలను సైన్యం నుంచి వెళ్లగొట్టిన సిద్ధాంతమే తెలుగు సిపాయిలను కూడా వెళ్లగొట్టింది.

కోరెగావ్‌లో జరిగింది

1817 డిసెంబర్ 31 రాత్రి కెప్టెన్ ఫ్రాన్సిస్ స్టాంటన్ నాయకత్వంలో ఈస్టిండియా కంపెనీ దళం ఒకటి శిరూర్ నుంచి పుణె వైపు బయలుదేరింది. అందులో బొంబాయి నేటివ్ ఇన్‌ఫాంట్రీకి చెందిన ఒక పటాలం, అంటే సుమారు 500 మంది కాల్బలం ఉన్నారు. వారితో సుమారు 300 మంది గుర్రపు దళం, మద్రాస్ ఆర్టిలరీకి చెందిన రెండు ఫిరంగులు, వాటిని నడిపే గోలందాజులు ఉన్నారు. అంతా కలిపి 830 మందికి కాస్త పైన. రాత్రంతా నడిచి మర్నాడు ఉదయానికి భీమా నది ఒడ్డున ఉన్న కోరెగావ్ చేరేసరికి, రెండో బాజీరావు పీష్వా సైన్యం ఎదురైంది. ఆ సైన్యం మొత్తం సుమారు 28 వేలు. అయితే ఊళ్లోకి చొరబడి పోరాడింది అందులో కొన్ని దళాలే. తిండి, నీళ్లు లేకుండా రోజంతా ఇళ్ల మధ్య పోరాటం సాగింది. కంపెనీ దళంలో దాదాపు మూడో వంతు మంది చనిపోయారు, గాయపడ్డారు, లేదా జాడ లేకుండా పోయారు. పెద్ద బ్రిటిష్ సైన్యం వస్తోందన్న భయంతో పీష్వా రాత్రికి వెనుదిరిగాడు.

ఆ పటాలం పూర్తిగా మహర్లది కాదు. మరాఠాలు, ముస్లింలు, ఇతరులు కూడా అందులో ఉన్నారు. కానీ మహర్లు గణనీయంగా ఉన్నారనడానికి సాక్ష్యం రాతి మీదే ఉంది. 1821లో పునాది వేసిన విజయస్తంభంపై చనిపోయిన సైనికులుగా చెక్కిన 49 పేర్లలో 22 పేర్ల చివర 'నాక్' అని ఉంటుంది. అప్పట్లో మహర్ల పేర్లకు ఉండే గుర్తు అది. కోరెగావ్‌లో చూపిన తెగువకు గుర్తింపుగా ఆ పటాలానికి 'గ్రెనేడియర్' హోదా ఇచ్చారు.

వాట్సాప్ పోస్టు 500 ముందు 'మహర్' అన్న మాట చేర్చి, 28 వేల మందినీ ఊళ్లోకి దింపి కథను పెంచింది. పెంచాల్సిన అవసరం లేదు. పీష్వాల రాజ్యంలో మహర్ల మీద అమలైన అంటరానితనం ఎంత క్రూరమైనదో జోతిరావు ఫూలే నుంచి అంబేడ్కర్ దాకా చెప్పారు. ఊరి గోడ బయట ఉంచిన మనిషి తుపాకీ పట్టి ఆ రాజ్యపు సైన్యానికి ఎదురు నిలబడ్డాడన్నది చాలు. ఆ 22 పేర్లు ఏ అతిశయోక్తీ అక్కరలేని సాక్ష్యం.

పటాలం అంటే తుపాకీ ఒక్కటేనా?

మహర్లు సైన్యంలోకి ఎందుకు వెళ్లారు? బ్రిటిష్ వారి మీద భక్తితో అనుకుంటే పొరపాటు. ఊళ్లో వారి పని మన తెలంగాణ పల్లెల్లో వెట్టి చేసిన కుటుంబాల పని లాంటిదే. ఊరి కబురు మోయడం, పశువుల కళేబరాలు లాగడం, అధికారి వస్తే సామాను మోయడం. జీతం లేదు, ఇంటింటికీ తిరిగి అడుక్కునే బలుతం ఉంది. సైన్యంలో నెల జీతం ఉంది, యూనిఫాం ఉంది, పదవీ విరమణ తర్వాత పింఛను ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా బడి ఉంది.

బాబాసాహెబ్ కుటుంబాన్నే చూడండి. తాత మాలోజీ సక్పాల్ సిపాయి. తండ్రి రామ్‌జీ సక్పాల్ సుబేదారు స్థాయికి ఎదిగి, సైనిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశారు. అంబేడ్కర్ 1891 ఏప్రిల్ 14న పుట్టింది మౌ కంటోన్మెంట్‌లో. తండ్రి రిటైరయ్యాక ఆ కుటుంబం దాపోలీలో, తర్వాత సతారాలో గడిపింది. ఊరి బడి అంటరాని పిల్లవాడిని గుమ్మం దగ్గర ఆపేసే కాలంలో, సైన్యం ఇచ్చిన అక్షరం, పింఛను ఆ ఇంట్లో ఉన్నాయి. మేధావి ఒక్కడే గాలిలోంచి పుట్టలేదు. రెండు తరాల సైనిక జీతం ఆయన వెనక ఉంది.

అందుకే ఆ తలుపు మూసుకుపోవడం అంటే తుపాకీ ఒక్కటే పోవడం కాదు. బడి, పింఛను, బయటి ప్రపంచం అన్నీ ఒకేసారి పోవడం.

'వీర జాతుల' పేరుతో గెంటివేత

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వారు సైన్యాన్ని మళ్లీ అమర్చారు. క్రమంగా 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం బలపడింది. కొన్ని కులాలు, కొన్ని ప్రాంతాల వారు పుట్టుకతోనే వీరులు, మిగతావారు కాదు అన్నది దాని సారం. దీనికి పెద్ద ప్రచారకుడు లార్డ్ రాబర్ట్స్. ఆయన 1881 నుంచి 1885 వరకు మద్రాస్ సైన్యానికి, 1885 నుంచి 1893 వరకు భారత సైన్యానికి కమాండర్ ఇన్ చీఫ్. దక్షిణాది సిపాయిలు ఉత్తరాది వారికి సాటి రారన్నది ఆయన గట్టి అభిప్రాయం.

ఇక్కడ తెలుగు వారి చరిత్ర, మహర్ల చరిత్ర ఒకే దారిలోకి వస్తాయి. పద్దెనిమిదో శతాబ్దంలో కంపెనీ సైన్యంలో తెలుగు సిపాయిలు ఎంత మంది అంటే, ఉత్తర భారతంలో సిపాయి అనే మాటకు బదులు 'తిలంగా' అనేవారు. ఆ మాట తెలుగు నేల పేరు నుంచి వచ్చింది. అలాంటి తెలుగు సిపాయిల భర్తీ పందొమ్మిదో శతాబ్దం చివరికి తగ్గిపోయింది. మద్రాస్ పటాలాలు కొన్ని రద్దయ్యాయి, కొన్నింటిలో పంజాబీలను నింపారు. 1920ల్లో మిగిలిన మద్రాస్ కాల్బలం పటాలాలు కూడా రద్దయ్యాయి. ఎక్కువ మంది దళితులు చేరే మద్రాస్ పయనీర్లను 1933లో తీసేశారు. రోడ్లు వేసే, వంతెనలు కట్టే మద్రాస్ శాపర్లు మాత్రం మిగిలారు. అందులో పరయర్లు, క్రైస్తవ దళితులు చాలామంది ఉండేవారు. వాళ్లు లేకుండా సైన్యం నది దాటలేదు కాబట్టి వాళ్లను తీసేయలేకపోయారు.

మహర్ల విషయంలో ఇంకో కారణం కూడా కలిసింది. 1890ల తొలి సంవత్సరాల్లో పటాలాలను కులాల వారీగా, వర్గాల వారీగా విడదీయడం మొదలైంది. అంటరాని సుబేదారుకు సవర్ణ సిపాయి సెల్యూట్ చేయాల్సి రావడం అధికారులకు ఇబ్బందిగా కనిపించింది. ఆ ఇబ్బందిని తీర్చడానికి వాళ్లు సెల్యూట్ చేయని సిపాయిని తీసేయలేదు, సెల్యూట్ అందుకోవాల్సిన సుబేదారును తీసేశారు. మహర్ల భర్తీ ఆగిపోయింది. కోరెగావ్‌లో పోరాడి గ్రెనేడియర్ హోదా తెచ్చిన వారి మనవళ్లకు ఆ పటాలం గేటు మూసుకుపోయింది.

పిటిషన్ల కాలం

దీన్ని మహర్లు మౌనంగా భరించలేదు. రిటైరైన సైనికుడు గోపాల్ బాబా వలంగ్‌కర్ 1890ల్లో భర్తీ మళ్లీ తెరవాలని పిటిషన్ తయారు చేశారు. శివరాం జన్బా కాంబ్లే 1910లో భారత వ్యవహారాల మంత్రి ఎర్ల్ ఆఫ్ క్రూకు వినతిపత్రం పంపించారు. సైన్యంలో, పోలీసులో మాకు చోటు ఇవ్వండి అన్నది సారాంశం. తమ పూర్వీకులు చేసిన సేవను అందులో గుర్తు చేశారు. అప్పటికి ఫలితం రాలేదు.

ఫలితం ఎప్పుడు వచ్చిందో చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1917లో '111వ మహర్' అనే పటాలాన్ని ఏర్పాటు చేశారు. యుద్ధం ముగిసింది. 1921లో దాన్ని రద్దు చేశారు. నాలుగేళ్లు! వినతిపత్రం తెరవలేని గేటును యుద్ధం తెరిచింది, శాంతి మూసేసింది.

ఇది మన దేశపు వింత మాత్రమే కాదు. అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని కాపాడుకోవడానికి పోరాడిన దక్షిణాది కాన్ఫెడరేట్ రాష్ట్రాలు నాలుగేళ్లు నల్లవారికి తుపాకీ ఇవ్వలేదు. ఓటమి గుమ్మంలో నిలబడ్డాక, 1865 మార్చిలో నల్లవారిని సిపాయిలుగా తీసుకోవచ్చని చట్టం చేశాయి. మరుసటి నెలలోనే జనరల్ లీ లొంగిపోయాడు. ఇటు ఉత్తరాది సైన్యంలో దాదాపు 1,79,000 మంది నల్లజాతి సైనికులు పనిచేశారు. వారికి తెల్ల సైనికుడి కన్నా తక్కువ జీతం ఇచ్చారు. వారు పోరాడితేనే 1864 జూన్‌లో సమాన జీతం వచ్చింది. అవసరం వచ్చినప్పుడు పిలవడం, గౌరవం అడిగితే ముఖం తిప్పుకోవడం అక్కడా ఇక్కడా ఒకటే.

కోరెగావ్ నుంచి మహాడ్‌కు

1927 జనవరి 1న అంబేడ్కర్ కోరెగావ్ స్తంభం దగ్గరకు వెళ్లారు. అక్కడ సమావేశమైన వారితో మహర్ల సైనిక సేవను గుర్తు చేసి, భర్తీ నిషేధాన్ని ప్రశ్నించారు. సుమారు 11 వారాల తర్వాత, మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగారు. డిసెంబర్ 25న మనుస్మృతిని కాల్చారు.

ఈ వరుసలో ఉన్న అర్థాన్ని గమనించాలి. కోరెగావ్ దగ్గర ఆయన చూపించింది సేవను. మహాడ్‌లో అడిగింది హక్కును. 'మా తాతలు మీ కోసం ప్రాణాలిచ్చారు, మాకు చోటు ఇవ్వండి' అనే వాదన వేరు. 'ఈ చెరువు ప్రభుత్వానిది, తాగే హక్కు మాది' అనే వాదన వేరు. మొదటి దాంట్లో ఇచ్చేవాడి దయ ఉంటుంది. రెండో దాంట్లో దయకు పని లేదు. అంబేడ్కర్ మొదటి వాదనను వదల్లేదు గానీ అక్కడే ఆగిపోలేదు.

1941: మళ్లీ యుద్ధం, మళ్లీ పిలుపు

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1941లో వైస్రాయ్ ఏర్పాటు చేసిన జాతీయ రక్షణ మండలిలో అంబేడ్కర్ సభ్యుడయ్యారు. మహర్ల భర్తీ కోసం గట్టిగా పట్టుబట్టారు. 1941 అక్టోబర్‌లో బెళగావిలో మహర్ రెజిమెంట్ మొదటి పటాలం ఏర్పడింది. రెండోది కాంఠీలో మొదలైంది. అదే 1941లో మజ్‌హబీ, రాందాసియా సిక్కులతో మరో రెజిమెంట్ వచ్చింది, తర్వాత అదే సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ అయింది. 1943లో చమార్ రెజిమెంట్ వచ్చింది. రద్దయిన మద్రాస్ రెజిమెంట్ కూడా ఆ యుద్ధంలోనే తిరిగి లేచింది. వీర జాతులు కావని ఒకప్పుడు తేల్చేసిన మద్రాస్ ప్రెసిడెన్సీ ఈ యుద్ధానికి పంజాబ్ తర్వాత అత్యధికంగా మనుషులను ఇచ్చింది. కాగితం మీద సిద్ధాంతం అలాగే ఉంది, మనుషుల లెక్క మారింది.

మహర్ల రెండో పటాలం బర్మా యుద్ధంలో పాల్గొంది. 1946లో రెజిమెంట్‌ను మెషిన్ గన్ రెజిమెంట్‌గా మార్చారు. 1947లో దేశ విభజన సమయంలో మహర్ సైనికులు పంజాబ్‌లో శరణార్థుల గుంపులకు కాపలాగా నడిచారు. ఊళ్లో ఎవరి నీడ సోకితే మైలపడతామన్నారో, ఆ చేతుల కాపలాలోనే వేలాది సవర్ణ కుటుంబాలు ప్రాణాలతో సరిహద్దు దాటాయి. తర్వాత కశ్మీర్‌లో కూడా మహర్ మెషిన్ గన్ దళాలు పనిచేశాయి. 1960ల్లో అది మళ్లీ కాల్బలం రెజిమెంట్‌గా మారింది. ఇప్పుడు దాని కేంద్రం మధ్యప్రదేశ్‌లోని సాగర్‌లో ఉంది. శ్రీలంకలో 1987 నవంబర్ 25న చనిపోయిన 8వ మహర్ పటాలం అధికారి మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కు మరణానంతరం పరమవీర చక్ర దక్కింది.

చమార్ రెజిమెంట్ మాత్రం 1946లోనే రద్దయింది. మూడేళ్ల జీవితం. ఒకే యుద్ధంలో పుట్టిన దళిత పటాలాల్లో ఒకటి నిలిచింది, ఒకటి పోయింది. నిలిచిన దాని వెనక ముప్పై ఏళ్లకు పైగా సాగిన పిటిషన్లు, ఒక ఉద్యమం, ఢిల్లీలో మాట చెల్లే నాయకుడు ఉన్నారు. ధైర్యంలో తేడా వల్ల ఇది జరగలేదు.

మహర్ రెజిమెంట్ టోపీ బిళ్ల మీద మొదట కోరెగావ్ స్తంభం గుర్తు ఉండేది. స్వాతంత్ర్యం తర్వాత దాని స్థానంలో కత్తి గుర్తు వచ్చింది. రెజిమెంట్ కూర్పు కూడా మారింది. చాలా పటాలాల్లో ఇప్పుడు అన్ని రాష్ట్రాల, అన్ని కులాల వారు ఉన్నారు. ఈ రెజిమెంట్ నుంచి ఇద్దరు సైన్యాధిపతులు వచ్చారు. అందులో ఒకరు తెలుగు వారు, శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన జనరల్ కె.వి. కృష్ణారావు. 1942లో మహర్ రెజిమెంట్‌లో అధికారిగా చేరి, 1981 నుంచి 1983 వరకు సైన్యాధిపతిగా ఉన్నారు. రెండోవారు జనరల్ సుందర్‌జీ. ఇద్దరూ మహర్లు కారు. పటాలానికి ఒక కులం పేరు పెట్టినంత మాత్రాన కమాండ్ ఆ కులం చేతికి వచ్చినట్టు కాదని ఇది గుర్తు చేస్తుంది.

మనకు రెజిమెంట్ కావాలా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. సైన్యంలో జాట్, రాజ్‌పుత్, డోగ్రా, సిక్కు పేర్లతో రెజిమెంట్లు నేటికీ ఉన్నాయి. కొత్తగా కులం పేరుతో రెజిమెంట్ ఏర్పాటు చేయబోమన్నది స్వాతంత్ర్యానంతర ప్రభుత్వాల విధానం. అంటే బ్రిటిష్ వారు వీరులని రాసిపెట్టిన పేర్లు నిలిచాయి, కాదని కొట్టేసిన పేర్లు కొట్టివేతగానే మిగిలాయి. ఆ జాబితాను ప్రశ్నించకుండా 'కులం వద్దు' అనడం న్యాయం కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. సైనిక భర్తీలో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు లేవు. ఒకవైపు కులం పేర్లున్న పటాలాలు, మరోవైపు కులం చూడబోమనే మాట. రెండూ ఒకే గేటు మీద వేలాడుతున్నాయి.

అయినా రెజిమెంట్ పేరు ఒక్కటే మన గమ్యం అయితే 1917 నాటి చోటే మళ్లీ నిలబడతాం. చరిత్ర చెబుతున్నది ఏమిటంటే, సైన్యం వల్ల దళిత కుటుంబాలకు నిజంగా మిగిలింది బిరుదులు కావు. జీతం, బడి, పింఛను. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకాన్ని ఈ కళ్లతో చూడాలి. నాలుగేళ్ల సర్వీసు, ఆ తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందికే కొనసాగింపు, మిగతా వారికి ఒక్కసారి ఇచ్చే డబ్బు తప్ప పింఛను లేదు. జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో జరిగిన నిరసనలో పోలీసు కాల్పులకు ఒక యువకుడు బలయ్యాడు. ఇబ్రహీంపట్నం రోడ్ల మీద తెల్లవారుజామున పరుగు సాధన చేసే పిల్లల్లో మన వాడల వాళ్లు ఉన్నారు. 111వ మహర్ పటాలం కూడా నాలుగేళ్లే ఉందని వాళ్లకు ఎవరూ చెప్పరు. రామ్‌జీ సక్పాల్‌కు దక్కిన పింఛను ఈ పిల్లల్లో ఎక్కువ మందికి దక్కదు.

కాబట్టి ఏ పటాలం చరిత్ర చదివినా నాలుగు ప్రశ్నలు వేసుకుందాం. భర్తీ ఎప్పుడు తెరిచారు, అప్పుడు వాళ్ల అవసరం ఏమిటి? మనవాళ్లకు ఏ పని ఇచ్చారు, తుపాకీయా, పారా? కమాండ్ ఎవరి చేతిలో ఉంది? గేటు మూసేటప్పుడు ఏ కారణం చెప్పారు? ఈ ప్రశ్నలతో చదివితే 'మేం వీరులం' అని నిరూపించుకునే భారం మన మీద ఉండదు. మమ్మల్ని ఎందుకు తీసేశారో చెప్పాల్సిన భారం వాళ్ల మీదకు వెళ్తుంది.

ఇంకో పని మన చేతిలోనే ఉంది. 1798 ఒప్పందం తర్వాత కంపెనీ దళాలు దిగిన సికింద్రాబాద్ చుట్టూ, అటు కోస్తా పల్లెల్లోనూ తాతలు శాపర్లుగానో పయనీర్లుగానో పనిచేసిన దళిత కుటుంబాలు ఉన్నాయి. వాళ్ల ఇళ్లలో ట్రంకు పెట్టె అడుగున డిశ్చార్జి పుస్తకం, పింఛను కాగితం, ఒక పతకం దొరకవచ్చు. విద్యార్థి మిత్రులు వాటిని ఫోటో తీసి, ముసలివాళ్ల మాటలు రికార్డు చేసి, పేరు, ఊరు, పటాలం నంబరు రాసిపెట్టాలి. కోరెగావ్ రాతి మీద 22 పేర్లు ఉన్నాయి కాబట్టే అంబేడ్కర్ అక్కడ నిలబడి మాట్లాడగలిగారు. మన తాతల పేర్లు చెక్కిన రాయి లేదు. కాగితం మీదైనా మనమే రాయాలి.